పెరుగన్నం ముట్టుకోలేదట

సత్యనారాయణపురం, విజయవాడ
ఆదివారం మధ్యాహ్నం

అమ్మడూ,

నువ్వు బాగున్నావని తలుస్తాను. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. నాన్నగారి మోకాలు మామూలే. సూరి మామయ్య రేపు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌కి బెంగళూరు వస్తున్నాడు కదా, డబ్బాలతో పాటు ఈ ఉత్తరం కూడా పెడుతున్నాను. వాట్సాప్‌లో రాస్తే చదవకుండానే బొటనవేలు బొమ్మ పెడతావు. కాగితమైతే కనీసం మడత విప్పాలి కదా.

ప్రత్యేకంగా ఏమీ లేదు, ఊరికే రాస్తున్నా. కార్తీకం కదా, ఇంటినిండా కొబ్బరి చిప్పలే. సోమవారాలు గుళ్లో కొట్టించినవి కొన్ని, పక్కవాటా వాళ్లు ఇచ్చినవి కొన్ని. పచ్చడి చేశాను, బీరకాయలో వేశాను, ఆఖరికి ఉప్మాలో కూడా వేశాను. ఇంకోసారి కొబ్బరి కనిపిస్తే ఇల్లు వదిలి పోతానన్నారు నాన్నగారు. అందుకని పాలు తీయడం మొదలుపెట్టాను. అంతే. పటమట అత్తయ్య చెప్పినదానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ఏం చెప్పిందంటావా? బుజ్జి వాళ్ల బాబు బారసాలకి వెళ్లావట. పాయసం వద్దన్నావట. పెరుగన్నం ముట్టుకోలేదట. కాఫీలోకి నీ సంచిలోంచి చిన్న అట్టపెట్టె తీసి ఏదో తెల్లగా ఒంపుకున్నావట. అడిగితే కొబ్బరి క్రీమ్ అన్నావట. అంతకు ముందు వారం రాత్రిపూట ఆస్పత్రికి కూడా వెళ్లొచ్చావట. ఇన్ని అటలు వినాల్సిన ఖర్మ నాకేమిటి తల్లీ? అన్నం మానేసినా పెరుగు మానని పిల్లవి. ఐదో తరగతిలో జ్వరం వచ్చి పెరుగు పెట్టనన్నానని బామ్మకి నా మీద ఉత్తరం రాసినదానివి.

పోనీలే. నేనేమీ అడగను. కొబ్బరి సంగతే రాస్తాను.

మన వీధి చివర డాక్టరుగారిని మాత్రం అడిగాను. నీ పేరు చెప్పలేదు, తెలిసినవాళ్ల అమ్మాయి అన్నాను. ఆయన నవ్వి, "మీ అమ్మాయి బెంగళూరులోనే ఉందా అండీ" అన్నారు. ఆయన చెప్పిందేమిటంటే, పాలు పడకపోవడం వేరు, పాలకి ఎలర్జీ వేరు. మొదటిది పాలలోని చక్కెర, లాక్టోజు, అరక్కపోవడం. దాన్ని అరిగించే ఎంజైము చిన్నప్పుడు బాగానే ఉన్నా పెద్దయ్యేకొద్దీ చాలామందిలో తగ్గిపోతుందట. కడుపుబ్బరం, విరేచనాలు, అంతవరకే. అలాంటివాళ్లలో చాలామందికి కాస్త పెరుగు పడుతుందట, నేతితో ఇబ్బంది ఉండదట. రెండోది పాలలోని ప్రొటీనుకి ఒళ్లు ఎదురుతిరగడం. దద్దుర్లు రావచ్చు, ఆయాసం రావచ్చు. అప్పుడు నెయ్యి కూడా నమ్మకూడదు. నీది ఇందులో ఏది? ఒక్క ముక్క చెబితే చాలు. రాత్రిపూట పరిగెత్తారంటే రెండోదేమోనని నాకు భయం. ఆ రోజు నుంచి నిద్ర లేదని రాయను, పడుకుంటూనే ఉన్నాను.

సరే, నువ్వు కొంటున్న డబ్బా వెనక ఏముందో చదువుతున్నావా? బెంజి సర్కిల్ దగ్గర సూపర్‌మార్కెట్‌కి వెళ్లి అరగంట నిలబడి అన్నీ చదివొచ్చాను. కుర్రాడు "ఏం కావాలి మేడమ్" అని నాలుగుసార్లు అడిగాడు. కొబ్బరిపాలు అని ఉంటే ఒక సరుకు, క్రీమ్ అని ఉంటే ఇంకో సరుకు. కోడెక్స్ అని అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది. దాని ప్రకారం పాలలో కొవ్వు కనీసం 10 శాతం, క్రీమ్‌లో కనీసం 20 శాతం ఉండాలి. లైట్ అని రాస్తే 5 శాతానికి దిగొచ్చు, అంటే మన రెండో పిండుడు పాలన్నమాట. వాటికి క్రీమ్ డబ్బులు పెట్టకు. 'క్రీమ్ ఆఫ్ కోకోనట్' అని తిరగేసి రాసిన సీసా ఒకటుంటుంది. అది పంచదార పాకం, శీతల పానీయాల్లోకి కలిపేది. అది తెచ్చి కూరలో పోశావంటే కూర పాయసమవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, కొబ్బరిపాల పొడి. కొబ్బరే కదా అని ధీమాగా కొనేస్తారు. చాలా పొడుల్లో కొవ్వు విడిపోకుండా సోడియం కేసినేట్ కలుపుతారు. కేసినేట్ అంటే పాల ప్రొటీనే! పాలు మానేసి పాల పొడి తాగినట్టే. ఎలర్జీ ఉన్నవాళ్లకి ఎంత ప్రమాదమో ఆలోచించు. డబ్బా వెనక అక్షరాలు చీమ తలకాయంత ఉన్నాయి, నాన్నగారి కళ్లద్దాలు కూడా పెట్టుకుని చదవాల్సి వచ్చింది. గ్వార్ గమ్ అని కనిపిస్తే కంగారుపడకు, అది మన గోరుచిక్కుడు గింజల జిగురు. కాకపోతే అది ఎక్కువైన డబ్బాలో మీగడ విడిపోదు. కొబ్బరి, నీళ్లు, ఈ రెండే రాసి ఉన్నది దొరికితే అదే తీసుకో. ఊపకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టు. పొద్దున మూత తీస్తే పైన గట్టిగా మీగడ, అడుగున నీళ్లు. ఆ నీళ్లు పారబొయ్యకు, చారులోకి బాగుంటాయి. డబ్బా తెరిచాక మిగిలింది రేకులో ఉంచకు, గాజు సీసాలోకి మార్చు, మూడు రోజుల్లో వాడెయ్యి. వాడలేకపోతే ఐసు ట్రేలో పోసి గడ్డ కట్టించు, కాఫీకి ఒక్కో ముక్క సరిపోతుంది.

మనిల్లు నీకు తెలుసు కదా, ఇక్కడ అలమారలో పెడితే ఏదీ పేరుకోదు. కొబ్బరినూనె 24 డిగ్రీలకే కరిగిపోయే జాతి, బెజవాడలో దానికి గడ్డకట్టే యోగం ఎక్కడిది? మీ ఊళ్లో చలికి డబ్బాలోనే గట్టిపడి ఉంటే పాడైందనుకుని పారేస్తావేమో, కాస్త వేడినీళ్లలో ఉంచితే చాలు.

కాఫీ దగ్గర ఒక సంగతి చెప్పాలి. చెప్పకూడదనుకున్నాను ఇన్నాళ్లూ.

2024 సెప్టెంబరు ఒకటో తారీఖు బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ మీద పడ్డప్పుడు నువ్వు ఫోన్ చేస్తే అమ్మ స్నానం చేస్తోందని, గుడికెళ్లిందని నాన్నగారు చెప్పారే, గుర్తుందా? నేను గుళ్లో లేను. సింగ్ నగర్లో పెద్దమ్మ వాళ్ల మేడ మీద ఉన్నాను. శనివారం చవితి సరుకులు ఇచ్చొద్దామని వెళ్లాను, వాన తగ్గక రాత్రి ఉండిపోయాను. పొద్దున లేచేసరికి కింద వాటా తలుపులు సగానికి మునిగాయి. మధ్యాహ్నానికి గోడ మీద గడియారం దాకా వచ్చింది నీరు. పెద్దమ్మ పైకి తెచ్చుకున్నవేమిటంటే గ్యాసు బండ, బియ్యం, దేవుడి పటాలు, చవితికని అంబాజీపేట నుంచి తెప్పించిన అరడజను కొబ్బరికాయలు, పెదనాన్న కాఫీ ఫిల్టరు. పెదనాన్న సంగతి తెలుసుగా, ప్రాణం పోయినా పర్వాలేదు కాఫీ పడాలి. పాలు లేవు. ఎంత పెట్టినా ఆ నీళ్లలో ఎవరు తెచ్చిస్తారు? కరెంటు లేదు, మిక్సీ లేదు. కోరు మీద కూర్చుని రెండు కాయలు కోరాను. తాగే నీళ్లు సీసాలు లెక్కపెట్టుకుంటున్న రోజులు, అందుకని కొబ్బరినీళ్లే గోరువెచ్చగా చేసి కోరిన కొబ్బరి మీద పోసి పెదనాన్న పాత పంచె గుడ్డలో పిండాను. మొదటి పాలు చిక్కగా, గేదె జున్నుపాలలా వచ్చాయి.

వాటిని సలసల కాగే డికాషన్‌లో ఒంపానమ్మా, ఒంపగానే విరిగింది. తెల్లటి తునకలు పైన, మట్టి రంగు నీళ్లు కింద. పెదనాన్న గ్లాసులోకి చూసి, "ఇదేమిటి, కిందనించి ముంచుకొచ్చావా" అన్నాడు. పెద్దమ్మ నవ్వు ఆపుకోలేక మెట్ల మీద కూలబడింది, అదే మెట్ల మీద కూర్చుని ఒక గంట ఏడ్చింది తర్వాత. బీరువా అడుగు అరలో పెళ్లి పట్టుచీరలు ఉండిపోయాయి.

మర్నాడు బుద్ధొచ్చింది. డికాషన్ దించి రెండు నిమిషాలు ఆగాను. గ్లాసులో ముందు కొబ్బరిపాలు పోసి, దాని మీద డికాషన్ సన్నటి ధారగా పోస్తూ కలిపాను. విరగలేదు. పెదనాన్న తాగి ఏమీ అనలేదు. అంటే బాగున్నట్టే. మూడో రోజు డ్రోన్ మీద అన్నం పొట్లాలొచ్చాయి, నాలుగో రోజు పడవ మీద ఫ్లైఓవర్ దాకా వచ్చి ఇంటికి చేరాను. అప్పుడు నీకు ఫోన్ చేసి, వినాయకుడికి ఉండ్రాళ్లు చేస్తున్నానని చెప్పాను.

నువ్వు ఇప్పుడు అంటావు, నువ్వు దాచలేదా అని. దాచాను. నేను తల్లిని, నా దారి వేరు.

కాబట్టి కాఫీలోకి క్రీమ్ చల్లగా ఒంపి విరిగిందని పారబొయ్యకు. క్రీమ్ మరీ చిక్కన, సమానంగా నీళ్లు కలిపితే పాల మందానికి వస్తుంది. కూరలోకైతే పొయ్యి కట్టేసే ముందు వెయ్యి, వేశాక మరగనివ్వకు. పరమాన్నం కూడా చేసి చూశాను. అన్నం పల్చటి పాలలో ఉడికించి, బెల్లం పాకం విడిగా చల్లార్చి కలిపి, చిక్కటి మీగడ దించాక వేశాను. నాన్నగారు రెండోసారి వడ్డించమన్నారు. ఏం వేశానో నేను చెప్పలేదు, ఆయన అడగలేదు.

పెరుగు దగ్గరే ఓడిపోయాను. మామూలు పెరుగు తోడు వేస్తే మళ్లీ పాలే కదా, అందుకని పచ్చిమిరపకాయల ముచ్చికలు వేసి కొబ్బరిపాలు తోడుపెట్టాను. పొద్దునకి పైన గడ్డ, కింద నీళ్లు. గిలక్కొడితే మజ్జిగలా ఉంది, పెరుగులా లేదు. పులుపు కూడా అరకొరే. నిమ్మకాయ పిండి, అల్లం కొత్తిమీర వేసి తాలింపు పెడితే అన్నంలోకి దిగింది. సంక్రాంతికి నువ్వొచ్చేసరికి ఇంకో పది సార్లు చేస్తాను, వస్తుంది. మాకు పెరుగు వేరే గిన్నెలో ఉంటుంది, ఆ గరిట దీనిలో పెట్టకుండా నాన్నగారికి చెప్పాను. ఆయన ఇప్పటికే రెండుసార్లు పెట్టారు.

ఇంకొకటి. కొబ్బరి మీగడ రుచికి పాల బదులే గాని బలానికి కాదు. కాల్షియం ఉండదు, ప్రొటీను నామమాత్రం, కొవ్వు మాత్రం దండిగా. రోజూ గరిటెడు గరిటెడు పోసుకోకు. రాగుల్లో 100 గ్రాములకి 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంది, జావ కాచుకోవడానికి పది నిమిషాలు పట్టదు. పదో తరగతి పిల్లలకి చెప్పినట్టు చెబుతున్నానని విసుక్కుంటావని తెలుసు. రాగిపిండి కిలో, నువ్వులపొడి, మునగాకు కారం పెట్టాను. నువ్వులపొడి తడి చెంచాతో తీయకు. గోంగూర సీసా మూత చుట్టూ టేపు వేశాను, అయినా బట్టల మీద పెట్టకు.

కొబ్బరి లౌజు రెండు డబ్బాల్లో పెట్టాను. ఎర్ర మూత దాంట్లో నెయ్యి ఉంది. పచ్చ మూత దాంట్లో నెయ్యి చుక్క కూడా లేదు, బాణలి కూడా రెండుసార్లు తోమి కొబ్బరినూనెతో చేశాను. నీకేది పడుతుందో చెప్పలేదు కనక రెండూ చేయాల్సి వచ్చింది. నీది ఎలర్జీ అయితే ఎర్ర మూత తెరవనే తెరవకు, గదిలో పిల్లలకి ఇచ్చెయ్. ఖాళీ డబ్బాలు సూరి మామయ్య తిరిగొచ్చేటప్పుడు పంపు, మూతలు మార్చకు.

నాన్నగారు ఇప్పుడే వచ్చి ఎన్ని పేజీలయిందని అడిగారు. నీకు ఏమైనా రాయమంటారా అంటే, "ఆటోలో వెళ్లిందా, అంబులెన్సులోనా, అది అడుగు" అన్నారు. నేను అడగనన్నాను.

ఆ రాత్రి ఆస్పత్రికి నీతో ఎవరొచ్చారమ్మా?

అమ్మ