ఆపరేషన్‌కి ఒప్పుకునే ముందు

లీడ్స్

అమ్మా,

నీకు గర్భసంచి జారిందని అక్క చెప్పింది. సాయంత్రం బీచ్ రోడ్డుకి నడక మానేస్తే మోకాళ్ళ నొప్పులేమో అనుకున్నాం. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదమ్మా. కాన్పులప్పుడు సాగిన కండరాలు ముట్లు ఆగాక ఇంకా వదులవుతాయి. చాలామంది ఆడవాళ్ళు ఎవరికీ చెప్పుకోకుండా భరిస్తున్నారు.

డాక్టరుగారు గర్భసంచి తీసేద్దామన్నారట. వెంటనే సరే అనకు. దాన్ని పట్టి ఉంచే కట్లు సాగిపోబట్టే అది జారింది. తీసేసినా ఆ కట్లు గట్టిపడవు కదా! తీశాక యోని పైభాగాన్ని దేనికి కట్టి నిలబెడతారో అడుగు. లోపలి గట్టి పట్టీల్లాంటి లిగమెంట్లకు కుట్టే పద్ధతులు రెండున్నాయి. అమెరికాలో ఆ రెంటినీ పోల్చి చూస్తే రెండేళ్ళకు ఫలితాలు ఇంచుమించు ఒకటే. ఐదేళ్ళకు రెంటిలోనూ చాలామందికి కొంత మళ్ళీ జారింది, అయినా బాధ మాత్రం ముందుకంటే తక్కువగానే ఉంది. కిందినుంచే చేస్తారు, వెన్నుకి మత్తు ఇచ్చి కూడా చేయొచ్చు. గర్భసంచి ఉంచేసి పైకి కుట్టే పద్ధతీ ఉంది, అదీ అడుగు.

పొట్టలోంచి లాప్రోస్కోపీతో (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో) వెళ్ళి, మెష్‌తో, అంటే వల లాంటి ప్లాస్టిక్ పట్టీతో, వెన్నెముక అడుగు ఎముకకి కట్టేది ఇంకొకటి. మళ్ళీ జారే అవకాశం దీనిలో తక్కువ. కానీ ఆపరేషన్‌కి ఎక్కువసేపు పడుతుంది, పూర్తి మత్తు ఇవ్వాలి. నీ బీపీకి అది సరిపడుతుందో లేదో మత్తు డాక్టరు చూసి చెప్పాలి.

యోనిలోంచి మెష్ పెడతామంటే మాత్రం వద్దను. ఇక్కడ బ్రిటన్‌లో 2018లో దాన్ని ఆపారు. అమెరికాలో 2019లో అమ్మకాలే ఆపించారు. పెట్టించుకున్నవాళ్ళలో 100కి సుమారు 12 మందికి మెష్ బయటికి వచ్చింది, కొందరికి మళ్ళీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఈ ఒక్క విషయంలో నా మాట విను.

యోనిని మూసేసే చిన్న ఆపరేషన్ కూడా ఉంది. పెద్ద వయసువాళ్ళకి బాగా నిలుస్తుంది, త్వరగా కోలుకుంటారు. కానీ ఆ తర్వాత భార్యాభర్తల కలయిక కుదరదు. కూతురిగా ఈ మాట రాయడం కష్టంగానే ఉంది. అయినా ఎవరూ అడగకుండా నీ తరఫున నిర్ణయించేయకూడదు. నువ్వూ నాన్నా మాట్లాడుకోండి.

అసలు తొందరేమీ లేదు. గర్భసంచి కిందికి జారకుండా ఆపే సిలికాన్ రింగ్ యోనిలో పెట్టించుకుని కొన్ని నెలలు చూడొచ్చు, నచ్చకపోతే తీసేయొచ్చు. నాకైతే ముందు అదే మంచిదనిపిస్తోంది. మూత్రం ఆగిపోయినా, పుండ్లు పడి రక్తం కనిపించినా ఆగకుండా వెళ్ళిపో. ఘోషాసుపత్రిలో గానీ కేజీహెచ్‌లో గానీ ఇంకో డాక్టరుకి కూడా చూపించుకో, అక్కని తీసుకెళ్ళు. ఆపరేషన్ అయితే ఆరు వారాలు నీళ్ళ బిందె, బియ్యం బస్తా ముట్టుకోవద్దు. ఆ రోజుల్లో నేనొచ్చి ఉంటాను. తేదీ ఖాయం కాగానే చెప్పు, సెలవు పెట్టుకోవాలి.

నీ చిన్న