మీ 'కోల్డ్ ఎయిర్' కిట్ లాగుతున్నది వేడిగాలి: డబ్బు వాపసు కోరుతూ ఫిర్యాదు

బాలానగర్, హైదరాబాద్
16-06-2025

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: టర్బో పెట్రోల్ కారుకు మీరు అమ్మిన కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ కిట్ ప్రకటనలో చెప్పినట్టు పనిచేయకపోవడం, దానివల్ల కారులో లోపం రావడం, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

మార్చి మొదటి వారంలో మీ వెబ్‌సైట్‌లో రూ. 28,500 పెట్టి, ఇంజిన్‌కి గాలి అందించే ఫిల్టర్, పైపు ఉన్న ఈ కిట్ కొన్నాను. మీరు చూపించిన గ్యారేజీలోనే ఇంకో రూ. 3,000 ఇచ్చి బిగించుకున్నాను. మే నెలాఖరుకు విప్పించేశాను. మధ్యలో జరిగిందంతా మీకు మూడు మెయిళ్లలో రాశాను. మూడింటికీ ఒకే జవాబు వచ్చింది, కామా కూడా మారలేదు. అందుకే ఈసారి కాగితం మీద రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మీ ప్రకటనలో మూడు మాటలున్నాయి. కారు కంపెనీ ఇచ్చే ఫిల్టర్ బాక్సు ఇంజిన్ గొంతు నొక్కేస్తుంది. మీ కిట్ బయటి చల్లగాలిని లాగుతుంది. ఏ ట్యూనింగూ (ఇంజిన్ సెట్టింగులు మార్చడం) లేకుండా ఇంజిన్ శక్తి 15 బీహెచ్‌పీ పెరుగుతుంది. నాది 1.0 లీటర్ టర్బో, అంటే గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపే రెక్కల చక్రం ఉన్న కారు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఈ మధ్య కాస్త బరువుగా లాగుతోందనిపించి, ఆ మాటలు నమ్మాను.

ముందు నా తప్పొకటి ఒప్పుకుంటాను. కిట్ బిగించేటప్పుడు పాత ఫిల్టర్ బయటికి తీస్తే ముక్కుపొడి పూసినట్టుంది. దాన్ని మార్చి 22,000 కిలోమీటర్లయింది. మా రోడ్ల దుమ్ముకి పది వేలకే మార్చాల్సింది. కాబట్టి మీ కిట్ పెట్టిన మొదటి వారం కారు తేలికైందని నేను సంబరపడ్డానే, ఆ తేడా మీ కిట్ తెచ్చింది కాదు. రూ. 450 పెట్టి కొత్త పేపర్ ఫిల్టర్ వేసుకున్నా వచ్చేదే. ఈ సంగతి మీ గ్యారేజీ కుర్రాడికీ తెలుసు. పాత ఫిల్టర్ దులుపుతూ నవ్వాడు కూడా. అప్పుడు నాకు అర్థం కాలేదు.

సౌండు మాత్రం అదిరింది, అబద్ధం చెప్పను. యాక్సిలరేటర్ తొక్కితే ఈల, వదిలితే 'ఫిస్స్'. నాలుగు రోజులు అద్దాలు దించుకునే తిరిగాను. మా ఆవిడ కుక్కర్ దించారా అని అడిగింది.

ఏప్రిల్ చివర్లో ఎండలు ముదిరాక అసలు సంగతి బయటపడింది. బోయిన్‌పల్లి వైపు నుంచి వస్తూ సిగ్నల్లో పది నిమిషాలు ఆగితే, పచ్చలైటు పడ్డాక కారు ముందుకు కదలడానికి బద్ధకించేది. ఏసీ వేసి ఉంటే మరీను. నాకు మోటారు వైండింగ్ షాపు ఉంది. వేడి కొలవకుండా ఏ మోటారునీ గడప దాటనివ్వం. ఆ అలవాటు కొద్దీ రూ. 1,500 పెట్టి కారు కంప్యూటర్ లెక్కలు ఫోన్‌కి పంపే ఒక ఓబీడీ డాంగిల్ కొని, ఫోన్లో ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత చూడటం మొదలుపెట్టాను.

మే నెలలో బయట 41 డిగ్రీలున్న ఒక మధ్యాహ్నం, మీ కిట్‌తో, ఔటర్ రింగ్ రోడ్డు మీద కోకాపేట నుంచి పటాన్‌చెరు దాకా గంటకు 100 వేగంతో వెళ్తే 51 డిగ్రీలు చూపించింది. రింగు దిగి ట్రాఫిక్‌లో పది నిమిషాలు నిలబడితే 71కి ఎక్కింది. నాలుగు రోజుల తర్వాత పాత బాక్సు తిరిగి పెట్టించి, కొత్త పేపర్ ఫిల్టర్ వేసి, అదే వేళకు అదే దారిలో వెళ్లాను. ఆ రోజూ 41 డిగ్రీలే. నడుస్తున్నప్పుడు 45, ట్రాఫిక్‌లో 53.

71 డిగ్రీల గాలి 53 డిగ్రీల గాలి కన్నా పలచన. లెక్క కడితే 5 శాతం తక్కువ గాలి. పైగా ఇది టర్బో కారు. టర్బో గాలిని నొక్కేటప్పుడే దాన్ని వంద డిగ్రీలు దాటించేస్తుంది. అది మళ్లీ చల్లబడాలనే కదా ముందు ఇంటర్‌కూలర్ పెట్టారు! లోపలికి వెళ్లేదే కాగిపోయి ఉంటే బయటికొచ్చేది ఇంకా కాగుతుంది, ఇంటర్‌కూలర్ మీద అంత భారం పడుతుంది. ఇంజిన్‌కు చేరే గాలి వేడెక్కితే నాకింగ్ (పెట్రోలు తనంత తానే మండి ఇంజిన్ టకటకలాడటం) రాకుండా ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, స్పార్కు టైమింగ్ వెనక్కి లాగుతుంది, దాంతో బలం తగ్గుతుంది. నా కారు బద్ధకం అదే.

ఎందుకిలా అవుతోందో చూడటానికి పెద్ద చదువేం అక్కర్లేదు, బానెట్ ఎత్తితే చాలు. కంపెనీ బాక్సు నోరు ముందు గ్రిల్ వెనకే, రేడియేటర్‌కి పైన, బయటి గాలికి ఎదురుగా ఉంది. అక్కణ్నుంచి మూత బిగించిన డబ్బాలోకి, ఫిల్టర్ దాటి, సన్నటి పైపులోంచి టర్బోకి వెళ్తుంది. ఆ డబ్బా అడుగున నీళ్లు కారడానికి ఒక చిన్న చిల్లు ఉంది. మా బాక్సులో ఆ చిల్లుకి ఒక వేపాకు అడ్డంపడి ఉంది, చేత్తో తీసేశాను. వానాకాలం మన రోడ్లు ఎలా ఉంటాయో తెలిసినవాడే ఆ చిల్లు పెట్టి ఉంటాడు.

మీ కోన్ ఫిల్టర్ ఉన్నది బ్యాటరీ పక్కన. ఇంజిన్ వేడి పొగ బయటికొచ్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి జానెడు దూరం. మీరు హీట్ షీల్డ్ అన్నది ఎల్ ఆకారంలో వంచిన అల్యూమినియం రేకు. దాని పైఅంచున రబ్బరు పట్టీ ఉంది కానీ, బానెట్ మూశాక ఆ పట్టీకీ బానెట్‌కీ మధ్య రెండు వేళ్లు పడతాయి. వెనకవైపు అసలు గోడే లేదు. బండి ఆపి ఆ రేకు మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. మూడు వైపులా మంట దగ్గర కూర్చోబెట్టి దానికి చల్లగాలి అని పేరు పెట్టడం ఏం న్యాయం?

ఇక ఆ 15 బీహెచ్‌పీ. మీరు వెబ్‌సైట్‌లో పెట్టిన డైనో (ఇంజిన్ బలం కొలిచే యంత్రం) వీడియో నేను ఏడెనిమిది సార్లు చూశాను. పరీక్ష మొత్తం బానెట్ పైకెత్తే ఉంది. కారు ముందు పెళ్లిళ్లలో పెట్టేంత పెద్ద ఫ్యాను తిరుగుతోంది. గ్రాఫులో కింది గీత సున్నా దగ్గర మొదలవలేదు, 80 దగ్గర మొదలైంది, చిన్న తేడా కూడా పెద్దగా కనబడేలా. నేను బానెట్ ఎత్తుకుని, ఫ్యాను మోసుకుని బాలానగర్ నుంచి గచ్చిబౌలి వెళ్లలేను కదండీ.

నా దగ్గర డైనో లేదు. రింగ్ రోడ్డు ఖాళీగా ఉన్న తెల్లవారుజామున, మూడో గేరులో 60 నుంచి 100కి ఎంతసేపు పడుతుందో ఫోన్ యాప్‌తో మూడేసి సార్లు చూశాను. కంపెనీ బాక్సుతో సగటు 6.4 సెకన్లు, మీ కిట్‌తో 6.7. ఆ కొంచెం తేడా నా కాలి పొరపాటే అనుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ నిజంగా 15 బీహెచ్‌పీ పెరిగి ఉంటే టైము బాగా తగ్గాలి కదా.

దీనికి కారణం మీ ఇంజినీర్లకు నాకన్నా బాగా తెలిసే ఉంటుంది. టర్బో లేని పాత ఇంజిన్ తన ఊపిరి తనే పీల్చుకోవాలి, అడ్డు తగ్గితే దానికి కాస్త లాభం. టర్బో కారులో ఎంత బూస్ట్ (గాలి ఒత్తిడి) కావాలో తేల్చేది ఈసీయూ. ఫిల్టర్ దగ్గర కొంచెం అడ్డుంటే వేస్ట్‌గేట్‌ని (టర్బోని తిప్పే పొగను పక్కకి వదిలే తలుపుని) ఇంకాస్త మూసి టర్బోని ఇంకాస్త తిప్పుతుంది. ఆ అడ్డు మీరు తీసేస్తే వేస్ట్‌గేట్‌ని ఇంకాస్త తెరుస్తుంది. ఇంజిన్‌కి చేరే ఒత్తిడి అంతే. రీమ్యాప్ చేసి (ఈసీయూ సెట్టింగులు మార్చి), పెద్ద టర్బో వేసుకున్నవాళ్లకి పెద్ద ఇన్‌టేక్ కావాలి, కాదనను. అలాంటివాళ్లకి మూసిన డబ్బా, ముందునుంచి గాలి గొట్టం ఉన్న కిట్లు వేరే ఉన్నాయి. మీరు అమ్మింది ఏ మార్పూ చేయని స్టాక్ కారున్న నాలాంటివాడికి, 'ఏ ట్యూనింగూ అక్కర్లేదు' అని రాసి.

ఇంతవరకూ అయితే సౌండు కోసం డబ్బులు పెట్టానులే అని ఊరుకునేవాణ్ని. మే 19న చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. కోడ్ పీ0171, అంటే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందని. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే రూ. 1,850 తీసుకుని చూసి, బయటి పార్టు వల్ల వచ్చిన లోపం కాబట్టి వారంటీ వర్తించదని కాగితం మీద రాసిచ్చారు. వాళ్లను నేను తప్పుపట్టను. వాళ్లు పెట్టని పైపుకి వాళ్లెందుకు పూచీ పడతారు?

కిట్ విప్పాక నా షాపులో వెర్నియర్ పెట్టి కొలిచాను. గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ కూర్చునే చోట కంపెనీ పైపు లోపలి వ్యాసం 60 మిల్లీమీటర్లు, మీది 64. నాలుగు మిల్లీమీటర్లే కదా అనుకోకండి. వైశాల్యం దాదాపు 14 శాతం పెరుగుతుంది. పైపు వెడల్పయితే అదే గాలి నెమ్మదిగా పోతుంది, సెన్సర్ తక్కువ లెక్క చెబుతుంది. ఈసీయూ ఆ లెక్క నమ్మి తక్కువ పెట్రోలు వదిలి, తర్వాత పొగలో ఆక్సిజన్ చూసే సెన్సర్ మొట్టికాయ వేస్తే సర్దుకుంటుంది. నా ఫోన్లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (అలా సర్దడానికి ఈసీయూ అదనంగా కలిపే పెట్రోలు) కంపెనీ బాక్సుతో 2 శాతం, మీ కిట్‌తో 14. అంటే ఈసీయూకి ఉన్న వెసులుబాటులో సగానికి పైగా మీ పైపు మొదటిరోజే తినేసింది.

మిగతాది బ్రీదర్ పైపు తినేసింది. ఇంజిన్ లోపలి ఆవిరిని మళ్లీ గాలి పైపులోకి పంపే ఆ రబ్బరు గొట్టం కంపెనీ పైపులో క్లిక్కుమని లాక్ అవుతుంది. మీ పైపులో దానికి లాకు లేదు, సాదా గొట్టం మూతి ఉంది. మీ గ్యారేజీ కుర్రాడు దాన్ని లోపలికి తోసి ప్లాస్టిక్ జిప్ టై బిగించాడు. ఇంజిన్ వేడికి ఆ టై ఎండు కొబ్బరీనెలా గట్టిపడింది. వేలితో కదిపితే గొట్టం ఆడుతోంది. ఆ సందులోంచి వెళ్లే గాలిని సెన్సరూ కొలవదు, ఫిల్టరూ ఆపదు. నేరుగా టర్బో రెక్కల మీదికి పోతుంది. నిమిషానికి లక్షన్నర, రెండు లక్షల చుట్లు తిరిగే రెక్కలకి బాచుపల్లి రోడ్డు మట్టి తగిలితే ఏమవుతుందో మీకు చెప్పాలా? విప్పిన పైపు లోపల తెల్ల గుడ్డతో తుడిస్తే గోధుమరంగు గీత పడింది. ఫోటో జత చేశాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అన్లేదు.

పేపర్ ఫిల్టర్ కన్నా బాగా దుమ్ము ఆపుతుందని కూడా మీ డబ్బా మీద ఉంది. ఎయిర్ ఫిల్టర్లను పరీక్షించడానికి ఐఎస్‌ఓ 5011 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం మీ నూనె రాసిన గుడ్డ ఫిల్టర్‌కి ఎంత వచ్చిందో చెప్పమని రెండో మెయిల్లో అడిగాను. జవాబులో 'మా ప్రొడక్ట్ రేసింగ్‌లో నిరూపితం' అన్నారు. రేసు కారు ఇంజిన్ సీజన్‌కొకసారి విప్పుతారు. నాది పదేళ్లు నడవాలి, ఇంకా రెండేళ్ల లోను ఉంది. మా అక్క కొడుకు కాలిఫోర్నియాలో ఉంటాడు. అక్కడ ఇలాంటి కిట్ రోడ్డు మీద వాడాలంటే ఆ రాష్ట్ర ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చిన ఆర్డర్ నంబరు ఉండాలట, స్మాగ్ (పొగ) పరీక్షలో బానెట్ ఎత్తి ఆ స్టిక్కరు వెతుకుతారట. మీ డబ్బా మీద అలాంటి నంబరు ఏ దేశానిదీ లేదు.

మీ జవాబుల్లో ఇంకా మూడు సంగతులున్నాయి. టర్బో కార్లో వేడి మామూలే అన్నారు. అలాంటప్పుడు చల్లగాలి అని అమ్మడం దేనికి? రూ. 35,000కి రీమ్యాప్ చేయించుకుంటే సమస్య ఉండదన్నారు. ట్యూనింగ్ అక్కర్లేదన్న మాట మీ సైటులో ఇవాళ్టికీ ఉంది, పొద్దునే స్క్రీన్‌షాట్ తీశాను. బిగించిన పార్టు వాపసు తీసుకునేది లేదన్నారు. బిగించకుండా పనిచేస్తుందో లేదో నేనెలా తెలుసుకోవాలి, వాసన చూసా?

నాకు కావాల్సింది ఇది. కిట్ ధర రూ. 28,500, బిగింపు రూ. 3,000, సర్వీస్ సెంటర్ రూ. 1,850, పాత బాక్సు తిరిగి పెట్టిన మెకానిక్ భాయ్‌కి ఇచ్చిన రూ. 500, మొత్తం రూ. 33,850 నా ఖాతాకి తిప్పి పంపాలి. చల్లగాలి, 15 బీహెచ్‌పీ, ట్యూనింగ్ అక్కర్లేదు అన్న మూడు మాటలూ ప్రకటన నుంచి తీసేయాలి, లేదా బానెట్ మూసి చేసిన పరీక్ష చూపించాలి. ఇప్పటికే ఈ కిట్ కొన్నవాళ్లందరికీ బ్రీదర్ పైపు జాయింటు చూసుకోమని కబురు పంపాలి. డబ్బు కన్నా ఇది ముందు చేయండి.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, నేనుంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా కేసు నా ఊళ్లోనే వేయొచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోలుకి ఫీజు కూడా లేదు. తప్పుదోవ పట్టించే ప్రకటన అంటే ఏమిటో అదే చట్టం సెక్షన్ 2(28)లో ఉంది, మీ లాయరు గారిని చదవమనండి.

బిల్లు, సర్వీస్ సెంటర్ కాగితం, రెండు రోజుల ఉష్ణోగ్రతల స్క్రీన్‌షాట్లు, వెర్నియర్ ఫోటోలు, మీ మూడు మెయిళ్లు జత చేశాను. కిట్‌ని మీరు పంపిన డబ్బాలోనే సర్ది షాపులో పెట్టాను. తెగిపోయిన జిప్ టై కూడా ఒక కవర్లో వేసి అందులోనే ఉంచాను. కొరియర్ కుర్రాణ్ని పంపేటట్టయితే ఉదయం పది తర్వాత పంపండి, ఆదివారం షాపు ఉండదు.

ఇట్లు,
మీ వినియోగదారుడు
(పేరు, ఫోన్ నంబరు బిల్లు మీద ఉన్నవే)