వాన ఆగలేదు

సంపాదకులకు,

ఎర్రమంజిల్ మెట్రో స్టేషన్‌లో దిగినవాళ్లను ఆ మంజిల్ ఎక్కడని అడిగి చూడండి. ఎక్కువమంది షాపింగ్ మాల్ వైపు చెయ్యి చూపిస్తారు. నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ ఇటలీ బరోక్ పోకడలో గుట్ట మీద కట్టించుకున్న, నూరుకు మించిన గదుల ఇల్లు ఆ మంజిల్. ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించిన నవాబు వికారుల్ ఉమ్రాతో పందెం కాసి మరీ కట్టాడని చెప్పుకుంటారు. ఫారసీలో ‘ఇరమ్’ అంటే స్వర్గం లాంటి తోట. మనవాళ్లు ఎర్రమట్టి గుట్ట చూసి ఎర్రమంజిల్ చేసుకున్నారు. నాకదే ఇష్టం.

2019 జూన్‌లో దీన్ని కూల్చి అసెంబ్లీ కడతామని కేబినెట్ తీర్మానిస్తే, సెప్టెంబరు 16న హైకోర్టు కొట్టేసింది. 1981 నాటి జోనింగ్ నిబంధనల్లో 13వది ఇలాంటి పాత కట్టడాలకు అండగా ఉండేది. 2015 డిసెంబరులో దాన్నే ఎత్తేశారు. గొళ్లెం పీకేసి తలుపు తెరిచే ఉందిగా అన్నట్టుంది వ్యవహారం.

తీర్పుతో పొక్లెయిన్ ఆగింది. వాన ఆగలేదు.

సివిల్ పనుల్లో ముప్పై ఏళ్లున్నాను కాబట్టి చెబుతున్నా. ఆ కాలపు గోడలు గానుగ పట్టిన డంగుసున్నంతో లేచినవి. సున్నం చెమ్మ పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. పగులు కనబడగానే మేస్త్రీ సిమెంటు మెత్తి పోతాడు. లోపలి చెమ్మకు దారి ఉండదు. రెండు వానాకాలాలు తిరిగేసరికి ఆ మెత్తిన ముక్కతో పాటు పక్కనున్న పాత పూత కూడా పెళ్లలుగా రాలుతుంది. ఊడకముందే వేలి కణుపుతో తట్టండి, డొల్ల చప్పుడు వినిపిస్తుంది. పిట్టగోడ సందులో రావిమొక్క మొలిస్తే మరీ కష్టం. పైన నరికినా లోపల వేరు లావెక్కుతూనే ఉంటుంది.

బాగుచేయడం చేతకాక కాదు. 1935 నాటి మొజంజాహీ మార్కెట్‌ను బాగుచేయించి 2020లో తెరిచింది ప్రభుత్వమే. ఫలక్‌నుమా 2010లో హోటలై మెరుస్తోంది, అక్కడ గది తీసుకునే తాహతు మనకు లేదనుకోండి, అది వేరే సంగతి.

2017 వారసత్వ చట్టం కింద ఎర్రమంజిల్‌ది ఏ హోదా, మరమ్మతుకు ఈ ఏడు ఎంత ఇచ్చారు, ఈ రెండూ గేటు దగ్గర బోర్డు మీద రాయాలని వారసత్వ శాఖను కోరుతున్నాను. వానలకు ముందే సున్నం పని తెలిసినవాళ్లను కప్పెక్కించాలి. బోర్డు మీద ఎర్రమంజిలా, ఇరమ్ మంజిలా అని తగువు పడక్కర్లేదు, రెండూ రాయండి.

— ఒక విశ్రాంత ఇంజినీరు, హైదరాబాద్