మా చెల్లెల్ని ఆ ప్రశ్నలు అడగకండి

సంపాదకుడు గారికి,

మా చెల్లెలి కొడుక్కి ఐదేళ్లు. కుక్కర్ విజిల్ వేస్తే చెవులు మూసుకుని మంచం కిందికి దూరతాడు, సీసా మూతలన్నీ గడప మీద వరసగా పేరుస్తాడు, వాటిలో ఒక్కటి జరిగినా ఏడుపు ఆపడు. వాడికి ఆటిజం, అంటే మెదడు ఎదుగుదలలో తేడా, అని తెలిసినప్పటి నుంచి తిరుపతిలో మా ఇంటికి వచ్చే చుట్టాలందరూ మా చెల్లెల్నే అడుగుతున్నారు, కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు, ఫోన్ ఎక్కువ చూశావా, గ్రహణం రోజు బయటికి వచ్చావా అని. రాత్రిళ్లు అది నిద్రపోవడం లేదండీ.

1977లోనే బ్రిటన్‌లో 21 జతల కవలలను పరిశీలించి ఆటిజంలో జన్యువుల పాత్ర పెద్దదని చూపించారు. ఒక్క జన్యువు కాదు, వందల జన్యువులకు సంబంధం ఉంది. ఆ జన్యువుల్లో కొన్ని తేడాలు అమ్మానాన్నల నుంచి వస్తాయి, కొన్ని వాళ్లిద్దరిలోనూ లేకుండా బిడ్డలోనే కొత్తగా పుడతాయి, తండ్రి వయసు పెరిగేకొద్దీ అలాంటివి పెరుగుతాయి కూడా. మా బావను మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు, అడగాలనీ కాదు. టీకా వల్ల వస్తుందన్న 1998 నాటి వ్యాసాన్ని దాన్ని అచ్చేసిన వైద్య పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది, అయినా ఇంకా అదే మాట.

దయచేసి మీ జిల్లా పేజీలో పిల్లల డాక్టర్ల చేత ఈ విషయాలు రాయించండి. మా ఇంట్లో పెద్దవాళ్లు నా మాట వినరు, పేపర్లో వస్తే చదువుతారు.

– ఒక మేనమామ, తిరుపతి