వలలు బాగుచేసే ఆ అన్నయ్యకు కృతజ్ఞతలు

నిన్న ఉదయం, మూర్ఛ తగ్గడానికి మా పాప ఛాతీలో అమర్చిన యంత్రాన్ని మొదటిసారి పనిచేయించారు. డాక్టరు గారు చేతిలోని చిన్న పరికరాన్ని ఆమె ఎడమ భుజం కిందికి ఆనించి, కంప్యూటర్‌లో ఏదో నొక్కగానే పాప గొంతు బొంగురుపోయింది. రెండుసార్లు దగ్గింది. "అమ్మా, గొంతులో చీమలు పాకుతున్నట్టుంది" అంది. ముప్పై సెకన్లు అలా ఉండి, మళ్లీ తన మామూలు గొంతు వచ్చేసింది. ఐదు నిమిషాలు ఆగి మళ్లీ అదే. ఇకపై రాత్రీ పగలూ ఇలాగే జరుగుతుందట.

ఇప్పుడు రాత్రి రెండు దాటింది. ఆపరేషన్ అయి పద్దెనిమిది రోజులు. నేను పాప మంచం పక్కనే కూర్చుని, ఐదు నిమిషాలకోసారి ఆమె శ్వాస మారుతోందేమోనని చెవి ఒగ్గి వింటూ ఇది రాస్తున్నాను. నిద్ర లేక కళ్లు మండుతున్నాయి. తప్పులుంటే మన్నించండి. ఈ రాత్రి రాయకపోతే ఎప్పటికీ రాయలేనేమో.

మా పాపకు ఏడో ఏట మొదటిసారి మూర్ఛ వచ్చింది. ఇప్పుడు పదహారేళ్లు. ఈ తొమ్మిదేళ్లలో ఐదు రకాల మందులు వాడాం. సరిగ్గా ఎంచుకున్న రెండు మందులు తగిన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అంటారని, మూర్ఛ ఉన్నవారిలో దాదాపు మూడో వంతు మంది పరిస్థితి ఇదేనని డాక్టరు గారు చెప్పారు. పాపకు ఫిట్స్ మెదడులో రెండు వైపులా మొదలవుతున్నాయి కాబట్టి మెదడు ఆపరేషన్ కుదరదన్నారు. అప్పుడు వచ్చింది ఈ వేగస్ నాడి మాట. మెదడు నుంచి మెడ మీదుగా గుండెకూ పొట్టకూ దిగే నాడి అది. అందులోని పోగుల్లో ఎక్కువ భాగం పైనుంచి కిందికి ఆజ్ఞలు తెచ్చేవి కావు, శరీరం సంగతులను మెదడుకు మోసుకెళ్లేవి. ఆ దారినే చిన్న చిన్న విద్యుత్ స్పందనలు పంపిస్తే మెదడులో చెలరేగే ఆ తుఫాను కొంత అణుగుతుంది. కాలరు ఎముక కింద, చర్మం లోపల, చేతి గడియారం డయలంత యంత్రం ఉంటుంది. దాని నుంచి సన్నటి తీగ మెడలోకి వెళ్లి ఎడమ నాడికి మెలికలుగా చుట్టుకుంటుంది. కుడివైపు నాడికి గుండె లయ మీద పట్టు ఎక్కువట, అందుకే ఎడమది.

ఇక అసలు చెప్పాలనుకున్నది.

ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం, చేర్పించుకునే కాగితాల కోసం మూడు కౌంటర్ల మధ్య తిరుగుతుండగా, లిఫ్టు ముందు పాప పడిపోయింది. తొమ్మిదేళ్లుగా చూస్తున్నదాన్ని, ఏం చేయాలో నాకు తెలుసు. కానీ ఆ సాయంత్రం నా చేతులు కదల్లేదు. చేతిలోని ఫైలు జారి కాగితాలన్నీ చెదిరిపోయాయి. చుట్టూ ముప్పై మంది మూగారు. ఒకాయన తన తాళాల గుత్తి తీసి పాప పిడికిట్లో దోపాడు. ఇంకొకావిడ ఉల్లిపాయ కోసం క్యాంటీన్‌కు పరుగెత్తింది. ఎవరో పళ్ల మధ్య చెంచా పెట్టమంటున్నారు. "ఆడపిల్ల, రేపు పెళ్లెలా చేస్తారో" అని ఒక గొంతు. (మూర్ఛను పెళ్లికి అడ్డంకిగా చెప్పిన మాటను హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తీసేశారు. నోళ్లలోంచి ఇంకా పోలేదు.)

అప్పుడు ఆ గుంపును తోసుకుంటూ ఒకాయన వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. గళ్ల లుంగీ, భుజాన తువ్వాలు. ముందు పాప పిడికిట్లోంచి తాళాలు తీసి వాటి యజమానికి ఇచ్చేశాడు. పాపను మెల్లగా పక్కకు తిప్పి పడుకోబెట్టి, తువ్వాలు మడిచి తల కింద పెట్టాడు. "నోట్లో ఏమీ పెట్టకండి. మీరు గడియారం చూడండమ్మా, ఐదు నిమిషాలు దాటితే ప్రమాదం" అన్నాడు నాతో. ఆ మాటతో నా చేతులకు ప్రాణం వచ్చింది. తర్వాత లేచి పాపకూ జనానికీ మధ్య నిలబడ్డాడు. చేతులు చాచి, ఏమీ మాట్లాడకుండా. ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. మూడు నిమిషాల పది సెకన్లకు ఆగింది. నర్సు వచ్చేసరికి పాప కళ్లు తెరుస్తోంది.

పాప ప్రతిసారీ మొదట అడిగే ప్రశ్న ఒకటే. "అందరూ చూశారా అమ్మా?" నేను ప్రతిసారీ ఏదో ఒక అబద్ధం చెబుతాను. ఈసారి నా నోరు పెగలకముందే ఆయన వంగి, "ఎవరూ చూడలేదు పాపా. నేను అడ్డంగా నిలబడ్డాను" అన్నాడు. మళ్లీ నా వైపు తిరిగి గొంతు తగ్గించి, "నాకూ వస్తాయమ్మా" అన్నాడు.

అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఆ లిఫ్టు ముందే కట్ట తెంచుకుంది.

ఆయనది విశాఖ ఫిషింగ్ హార్బర్. వాళ్లమ్మను మా అంతస్తులోనే చేర్చారు. కుర్రతనంలో ఒకసారి పడవ మీద ఫిట్స్ వచ్చి నీళ్లలో పడబోయాడట. అప్పటినుంచి ఎవరూ వేటకు తీసుకెళ్లరు. సముద్రం మీద అది వస్తే ప్రాణం దక్కదు కదా. "ఒడ్డున కూర్చుని వలలు బాగుచేస్తానమ్మా. ఇప్పుడు వేట నిషేధం కాబట్టి చేతినిండా పని" అన్నాడు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలన్నీ కట్టేసి ఉంటాయి, వలలన్నీ ఒడ్డుకు వస్తాయి. అంత పని వదులుకుని అమ్మ దగ్గర కాపలా ఉన్నాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. మరునాడు నర్సు ఒక పెట్టె తెచ్చి అందులోని అయస్కాంతాలు చూపించింది. ఫిట్స్ రాబోతున్నట్టు తెలియగానే అయస్కాంతాన్ని ఛాతీలోని యంత్రం మీదుగా ఒక్క క్షణం పోనిస్తే, యంత్రం అప్పటికప్పుడు అదనంగా ఒక స్పందన పంపుతుంది. ఒక్కోసారి వచ్చేదాన్ని అది ఆపగలదు, లేదా తగ్గించగలదు. దానితో వచ్చిన చేతి పట్టీ మా పాప సన్నటి మణికట్టుకు నిలవక జారిపోతోంది. అన్నయ్య అక్కడే ఉన్నాడు. అయస్కాంతాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "నా చిన్నప్పటి నుంచి చేతిలో ఇనుము పెడుతూనే ఉన్నారమ్మా, ఒక్కసారీ ఆగలేదు. ఈ ఇనుము ఆపుతుందా?" అని అడిగాడు. ఆపేది ఇనుము కాదన్నయ్యా, ఇది లోపలి యంత్రానికి కబురు చెబుతుందంతే అన్నాను. తలూపాడు.

మర్నాడు పొద్దున్నే నైలాన్ దారంతో అల్లిన చిన్న సంచీ పట్టుకొచ్చాడు. నీలం రంగు, చిన్న చిన్న కన్నులు, అయస్కాంతం అందులో సరిగ్గా ఇమిడిపోయింది. మెడలో వేసుకోవడానికి పొడవాటి తాడు కూడా. నర్సు చూసి కంగారుపడింది. మెడలో వేలాడితే అయస్కాంతం యంత్రం మీదే ఉండిపోతుంది, అలా ఉన్నంతసేపూ యంత్రం ఆగిపోతుంది. నేను ఆయనకు ఈ మాట ఎలా చెప్పాలో తెలియక నసుగుతుంటే, "అంతేనా" అని వరండాలో నేల మీద కూర్చున్నాడు. రాత్రంతా అల్లినదాన్ని ముడి ముడీ విప్పాడు. మళ్లీ మొదటినుంచి అల్లాడు, ఈసారి నడుముకు కట్టుకునేలా, ఒక్క చేత్తో లాగితే సంచీ నోరు తెరుచుకునేలా. "ఆ సమయంలో రెండు చేతులూ మాట వినవు కదమ్మా" అన్నాడు. పరికరం తయారు చేసినవాళ్లకు తట్టని సంగతి, అది వచ్చే మనిషికి తట్టింది.

సంచీ కట్టాక అడిగాడు. "అమ్మా, ఇది నాకూ పెడతారా?"

తర్వాత తనే, "ఎంతవుతుంది?" అన్నాడు. చెప్పాను. పాప తల నిమిరి, "పాపకు పెట్టారుగా, చాలు" అని నవ్వి వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ నవ్వు నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వడం లేదు.

మాకైనా ఎలా సాధ్యమైంది? మా నాన్నగారు అనకాపల్లి దగ్గర పొలం అమ్మారు. మా తమ్ముడూ మావారూ చెరో అప్పు చేశారు. వాళ్లకు కృతజ్ఞతలు చెబితే కోప్పడతారు కాబట్టి చెప్పను. కానీ తొమ్మిదేళ్లుగా క్రమం తప్పకుండా ప్రీమియం కట్టించుకున్న బీమా సంస్థ ఏమందో చెప్పాలి. ఇది "ప్రయోగదశలోని చికిత్స" అట. మనిషికి ఈ యంత్రాన్ని మొదటిసారి అమర్చింది 1988లో. మూర్ఛకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది 1997లో. మా పాప పుట్టడానికి పదమూడేళ్ల ముందు! ఆ కాగితాలన్నీ జతచేసి మళ్లీ పంపితే, నలభై రోజుల తర్వాత ఇంకో రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఆపరేషన్ ఖర్చు పరిశీలిస్తారట, యంత్రం ఖర్చు పాలసీలో లేదట. యంత్రం లేకుండా ఆపరేషన్ ఎందుకు చేయించుకుంటాం? ఫోనులో అడిగితే ఆ అమ్మాయి, "నాకు రాసిచ్చింది చదువుతున్నాను మేడం" అంది. ఆ అమ్మాయిని ఏమనగలను? ఇదే నాడి మీద ఇదే రకం చికిత్సకు కీళ్లవాతం కోసం కూడా 2025లో అమెరికాలో అనుమతి వచ్చింది. శాస్త్రం అంత దూరం నడిచింది. జగదాంబ సెంటర్ నుంచి హార్బర్ దాకా మాత్రం రాలేకపోయింది.

డిశ్చార్జి రోజు హడావిడిలో ఆయన ఫోన్ నంబరు తీసుకోలేదు. పేరడిగితే, "పేరెందుకమ్మా, అన్నయ్య అన్నారుగా" అన్నాడు. ఇంటికొచ్చాక ఆ ఒక్క ఆలోచనే. పాప తనిఖీకి వెళ్లినప్పుడు డాక్టరు గారికి ఆయన సంగతంతా చెప్పాను. ఎప్పుడో పదిహేనేళ్ల కిందట రాసిచ్చిన ఒకే ఒక మాత్ర కొనుక్కుని మింగుతాడని, అయిపోతే కొన్నాళ్లు మానేస్తాడని నాతో అన్నాడు. డాక్టరు గారు రాసుకుంటున్న పెన్ను పక్కన పెట్టేశారు. "ఆయనకు యంత్రం అవసరమో కాదో ఇప్పుడే ఎలా చెబుతాం? సరైన మందులు సరిగ్గా వాడితే చాలామందికి ఫిట్స్ ఆగిపోతాయి. ఆయన్ను తీసుకురండి" అన్నారు.

రెండు ఆదివారాలు హార్బర్‌కు వెళ్లాను. మొదటిసారి దొరకలేదు. రెండోసారి వెళ్లినది జూన్ 14న. ఆ అర్ధరాత్రితో నిషేధం ముగుస్తుంది కాబట్టి పడవలకు ఐసు, డీజిల్ ఎక్కిస్తున్నారు. హార్బరంతా కేకలు, నీచు వాసన, డీజిల్ పొగ. ఆ సందడికి దూరంగా ఒక రేకుల షెడ్డు కింద, కాలి బొటనవేలికి వల తగిలించుకుని ముడులు వేస్తూ కూర్చున్నాడు. నన్ను చూడగానే, "పాపకు సంచీ తెగిందా అమ్మా?" అని లేచాడు. తెగలేదన్నయ్యా. వాళ్లమ్మ కోలుకుని ఇంటికి వచ్చిందట, ఆ మాట విని ప్రాణం కుదుటపడింది. గురువారం ఉదయం ఓపీకి రావడానికి ఒప్పుకున్నాడు. మావారు వెళ్లి బండి మీద తీసుకొస్తారు. ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్ష) తీసే ముందురోజు తలకు నూనె రాసుకోవద్దని చెప్పాను. వస్తానన్నాడు. రావాలి.

అన్నయ్యా, నీకు చదవడం రాదన్నావు. హార్బర్‌లో ఎవరైనా ఇది చూస్తే ఆయనకు చదివి వినిపించండి. యంత్రం పనిచేస్తోంది. ఇప్పుడు 0.25 మిల్లీ ఆంపియర్‌తో మొదలుపెట్టారు, వారాల మీద కొద్దికొద్దిగా పెంచుతారు. ఫలితం తెలియడానికి నెలలు పడుతుంది. ఒక్కొక్కరికి ఏడాది పైనే. పూర్తిగా పోతుందని ఎవరూ అనలేదు. దాదాపు సగం మందికి ఫిట్స్ సగానికి తగ్గుతాయన్నారు. నెలకు పన్నెండు వచ్చే పిల్లకు ఆరు రావడమంటే ఏమిటో నీకు నేను వివరించనక్కర్లేదు. సంచీ పాప నడుముకే ఉంది. నిద్రలో కూడా తీయనివ్వడం లేదు.

మరిచిపోయాను, ఇంకా చాలామంది ఉన్నారు. ఈఈజీ తీశాక పాప జుట్టుకు అంటిన జిగురంతా గోరువెచ్చని నీళ్లతో ఓపిగ్గా కడిగి జడ వేసిన టెక్నీషియన్ అమ్మాయికి కృతజ్ఞతలు. పాప మాత్రలు ఎక్కడా దొరకని వారంలో మూడు దుకాణాలకు ఫోన్లు చేసి రాత్రి పదింటికి తెప్పించి ఇచ్చిన మద్దిలపాలెం మందుల షాపు అబ్బాయికి కూడా. బడి తెరిచిన ఈ వారం నా తరగతులన్నీ తన మీద వేసుకున్న మా లెక్కల టీచరుకు. మత్తు ఇచ్చే డాక్టరమ్మ పాప చెయ్యి పట్టుకుని పద్యం చెప్పించుకుందట, రెండో పాదం పూర్తికాకుండానే నిద్రపోయిందట, ఆవిడకు.

ఇప్పుడే పాప కదిలి, ఏం రాస్తున్నావమ్మా అని అడిగింది. చెప్పాను. "ఉల్లిపాయ ఆంటీ గురించి రాశావా?" అంది. ఆవిడ తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. ఉల్లిపాయ చేతిలోనే పట్టుకుని నిలబడింది పాపం, తర్వాత నేల మీద చెదిరిన నా కాగితాలన్నీ ఏరి, వరుసగా సర్ది, ఫైల్లో పెట్టి ఇచ్చింది. బీమా జవాబు కూడా అందులోనే ఉంది. ఆవిడకు కూడా.