మా గోవా ఫ్యామిలీ ట్రిప్‌లో క్యాసినో ఎందుకు తీసేశామంటే

నమస్కారమండి. దసరా బ్యాచ్ వెళ్లొచ్చినప్పటి నుంచి ఫోన్ చేసిన వాళ్లందరూ అడుగుతున్నది ఒకటే, "ప్యాకేజీలో క్యాసినో నైట్ తీసేశారట కదా, మరి రేటు ఎందుకు తగ్గలేదు?" అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. క్యాసినో టికెట్ అమ్మితే మాలాంటి చిన్న ట్రావెల్స్ వాళ్లకి కమిషన్ వస్తుంది. అది వదులుకున్నాం. మీకు మిగలాల్సిన టికెట్ డబ్బు పనాజీలో ఇంకో రాత్రి బసకి, దూధ్‌సాగర్ జలపాతం దగ్గరికి వెళ్లే జీపుకి పెట్టాం, అందుకే మీరు కట్టేది మారలేదు.

ఇక కారణం. గోవాలో 21 ఏళ్లు నిండనివాళ్లని జూదం ఆడే హాల్లోకి రానివ్వరు. కొన్ని క్యాసినో పడవల్లో పిల్లలకి విడిగా ఆటల గది ఉంటుంది, నిజమే. కానీ ఇంటిల్లిపాదీ అంత దూరం వెళ్లి, అమ్మానాన్న పై అంతస్తులో, పిల్లలు కింద గదిలో, తాతయ్యా నానమ్మా హోటల్లో టీవీ ముందు కూర్చుంటే దాన్ని ఫ్యామిలీ ట్రిప్ అని అమ్మడానికి నాకు మనసు ఒప్పలేదండి. గోవా ప్రభుత్వమే 2020లో అక్కడి స్థానికులు క్యాసినోల్లోకి వెళ్లకూడదని నిషేధం పెట్టింది. అలాంటి చోటికి మన పిల్లల్ని వెంటబెట్టుకుని ఎందుకు వెళ్లాలి? పెద్దవాళ్లు ఫ్రెండ్స్‌తో వెళ్తామంటే అది వాళ్ల ఇష్టం, ఆ టికెట్ వాళ్లే కొనుక్కోవచ్చు.

"మరి చూడ్డానికేముంది, బీచ్ మనకీ ఉంది కదా" అంటారు. నేనూ అదే అంటాను, వైజాగ్ వాళ్లకి బీచ్ చూపించడానికి గోవా దాకా అక్కర్లేదు. అందుకే మా ప్లాన్ రైలుతోనే మొదలవుతుంది. కోల్‌కతా వైపు నుంచి గోవాలోని వాస్కో వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ మన స్టేషన్ మీదుగానే పోతుంది. ఒక రోజు పైనే ప్రయాణం, విమానంలో వెళ్దామనేవాళ్లు ఉంటారు, కానీ క్యాజిల్ రాక్ స్టేషన్ దాటాక కూలెం దాకా రైలు ఘాట్ దిగుతుంటే సొరంగాలు, అడవి, మధ్యలో దూధ్‌సాగర్ జలపాతం పక్కనుంచే వెళ్తాం, అరకు రైలంటే ఇష్టపడే పిల్లలకి ఇది పండగే. జలపాతం దగ్గరికి వెళ్లడానికి కూలెం నుంచి అటవీ శాఖ అనుమతి ఉన్న జీపులు ఉంటాయి, వాగులు దాటుకుంటూ వెళ్తాయి, చివర్లో రాళ్ల మీద నడవాలి. వానాకాలంలో ఆ జీపులు ఆపేస్తారు. పట్టాల మీద నడిచి వెళ్దామని మాత్రం ఎవరూ అడగొద్దు, అది నిషేధం.

పోండా దగ్గర మసాలా తోటలు నాకు అన్నిటికన్నా ఇష్టం. అరకులో మిరియాల తీగలు చూసినవాళ్లం కదా, ఏముందిలే అనుకుంటాం. కానీ పసుపుపచ్చ జాజికాయ పండు తోటవాళ్లు మధ్యకి చీల్చి పిల్లల చేతిలో పెడతారు, లోపల నల్లటి గింజ చుట్టూ ఎర్రటి వల అల్లినట్టు జాపత్రి ఉంటుంది. బిర్యానీలో ఏరి పక్కన పడేసేది ఇదా అని పిల్లలు నోరు తెరుస్తారు. మంగేషి, శాంతాదుర్గ గుళ్లు కూడా అటువైపే కాబట్టి పెద్దవాళ్లకీ తృప్తిగా ఉంటుంది.

రిబందర్ నుంచి ఫెర్రీలో నది దాటితే చోరావ్ దీవి, అక్కడ సలీం అలీ పక్షుల అభయారణ్యం. పోటు తగ్గినప్పుడు మడ అడవి బురదలో కళ్లు పైకి పొడుచుకొచ్చిన చిన్న చేపలు రెక్కల మీద గెంతుతూ కనిపిస్తాయి, పిల్లలు అక్కణ్ణుంచి కదలరు. కురుసురా జలాంతర్గామి, టీయూ-142 విమానం చూసి పెరిగిన మన పిల్లల కోసం దబోలిం విమానాశ్రయం దగ్గర నౌకాదళ విమానాల మ్యూజియం కూడా పెట్టాం. సీ హారియర్ యుద్ధ విమానం అక్కడ ఉంది. సోమవారం మూసేస్తారు కాబట్టి ఆ రోజు తప్పిస్తాం. పాత గోవాలో 1605 నాటి బామ్ జీసస్ బసిలికా చర్చి ఎలాగూ ఉంటుంది.

సాయంత్రం మాండోవి నదిలో పడవ షికారు ఉంది, కంగారు పడకండి, అది క్యాసినో పడవ కాదు. గోవా టూరిజం వాళ్లది, శాంటా మోనికా జెట్టీ నుంచి గంటసేపు తిప్పుతారు, డెక్ మీద గోవా జానపద నృత్యాలు ఉంటాయి. రోడ్డు మీద ఎవరైనా ఆపి "క్యాసినోకి ఫ్రీ ఎంట్రీ సార్" అంటే మాత్రం ఆగకండి.

సంక్రాంతి సెలవుల బ్యాచ్‌కి పేర్లు తీసుకుంటున్నాం. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది, థర్డ్ ఏసీ వెంటనే నిండిపోతుంది, కాబట్టి పేర్లతో పాటు పిల్లల వయసులు, ఇంట్లో ఎవరికైనా మోకాళ్ల నొప్పులుంటే ఆ సంగతి కూడా ఇప్పుడే చెప్పండి. నడవలేనివాళ్లకి జీపు రోజున పనాజీలోనే వేరే ఏర్పాటు చేస్తాం, ఆ జీపు డబ్బు వాళ్లకి తిరిగి ఇచ్చేస్తాం.