మన నాపరాళ్ళ పాలిష్ యూనిట్ల సంఘం: ఈ ఏడాది కార్యదర్శి నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి ముందు కార్యదర్శి నివేదిక ఇవ్వాలని బైలాలో ఉంది కాబట్టి ఇస్తున్నా. పోయినేడు రెండు పేజీలు రాస్తే "ఇంతేనా చేసింది?" అన్నారు. ఈసారి కాస్త ఎక్కువే రాశా, దయచేసి చదివి రండి. చదవకుండా వచ్చి మీటింగులో లేచి అడిగేవాళ్ళెవరో నాకు ముందే తెలుసు.

ముందు బురద సంగతి. మన ఎర్రగుంట్ల వైపు ఏ పాలిష్ ఫ్యాక్టరీ వెనక్కి వెళ్ళినా కనిపించేది అదే. కోత మిషన్ బ్లేడు మీద నీళ్ళు పారుతూనే ఉండాలి, లేకపోతే బ్లేడు కాలిపోతుంది. ఆ నీళ్ళలో రాతి పొడి కలిసి గుంతలోకి పోతుంది, గుంత నిండితే ట్రాక్టర్ పిలవాలి, ట్రాక్టర్‌వాడు ఎక్కడో ఒకచోట పోసి వస్తాడు. ఎండిందంటే గాలికి లేచి చుట్టూ చేలన్నీ తెల్లగా అవుతాయి, రైతులు మన మీదికి వస్తారు. డంపింగ్‌కు స్థలం చూపించమని ఒక ఆఫీసు చుట్టూ ఈ ఏడాది కూడా తిరిగాం. సారు మీటింగులో ఉన్నారు, సారు లీవులో ఉన్నారు, సారు బదిలీ అయ్యారు. కొత్త సారు వచ్చి ఫైలు మొదటి నుంచి పెట్టమన్నారు. ఇంతకన్నా రాస్తే నాకే బీపీ పెరుగుతుంది.

ఒకపక్క టైల్స్ వచ్చి మన బండల గిరాకీ తగ్గింది, ఇంకోపక్క పారెయ్యడానికి కూడా డబ్బులు పెట్టుకుంటున్నాం. అందుకే కార్యవర్గంలో అనుకున్నాం, ఈ బురదతో ఏమన్నా చెయ్యొచ్చేమో అడుగుదామని. కడపకు పోయి యూనివర్సిటీ సివిల్ డిపార్ట్‌మెంట్ మేడమ్‌ను కలిశాం. ఒప్పుకుంటారని నాకు నమ్మకం లేదు. ఆమె మాత్రం "ఒక సంచి తెచ్చివ్వండి, ముందు చూస్తాను" అని ఒక్క మాటన్నారు, అంతే, పని మొదలైపోయింది. తర్వాత యూనివర్సిటీకీ మన సంఘానికీ ఒప్పందం కూడా అయింది: మెటీరియల్, కరెంటు, కూలీ మనవి, ల్యాబు, పరీక్షలు, ఎంటెక్ చదివే పిల్లల పని వాళ్ళది.

తయారు చెయ్యాలనుకున్నది పేవర్ బ్లాకులు, మనవాళ్ళు జిగ్‌జాగ్ బ్లాకులనేవి. పంచాయతీ వీధుల్లో, పెట్రోలు బంకుల్లో, గుళ్ళ ఆవరణల్లో అవే పరుస్తున్నారు కదా.

మొదటి విడత పూర్తిగా పాడైంది. దాచేదేమీ లేదు. అచ్చులోంచి తీస్తుంటేనే అంచులు రాలిపోయాయి. మేడమ్ ఒక ముక్క తీసుకుని చేత్తో నలిపి, నీళ్ళ గ్లాసులో వేసి కాసేపు పక్కన పెట్టి, మా ముందుకు జరిపారు. అడుగున తెల్లగా, పైన ఎర్రగా రెండు పొరలు. "ఇది మీ రాతి పొడి, ఇదేమో మీ చేనుమట్టి" అన్నారు. మన సభ్యుడొకరు (పేరు రాయను, ఆయనకు తెలుసు) గుంతలోది తియ్యడానికి బద్ధకించి రోడ్డు పక్క కుప్పలోంచి ఎత్తి పంపారు. బంకమట్టి కలిస్తే సిమెంటు పట్టదని పిల్లలకున్న తెలివి మనకు లేకపోయింది. ఆ రోజు నాకు తల ఎత్తుకోవడానికి లేదు.

రెండోసారి గుంతలోదే తీసి, రేకుల మీద ఎండబెట్టి, పిల్లలే జల్లెడ పట్టారు. అప్పుడింకో సంగతి తెలిసింది. మనం సిమెంటు తగ్గించి ఆ స్థానంలో పొడి వేద్దామనుకున్నాం, ఖర్చు కలిసొస్తుందని. మేడమ్ ఒప్పుకోలేదు. సున్నపురాయి పొడి సిమెంటు లాగా పట్టుకోదు, సందులు నింపుతుందంతే, కాబట్టి ఇసుకలో కొంత తీసి దాని బదులు వెయ్యమన్నారు. క్రషర్ ఇసుకలో 75 మైక్రాన్ల కన్నా సన్నని పొడి 15 శాతం దాకా ఉండొచ్చని ఇసుక, కంకరలకున్న భారత ప్రమాణం ఐ.ఎస్. 383 కూడా చెబుతుందట. అంతకు మించితే పొడి నీళ్ళు ఎక్కువ తాగుతుంది, నీళ్ళు పెంచితే బలం పోతుంది. పక్క యూనిట్ అన్న "ఇంకో రెండు పారలు వెయ్యి మేడమ్, మా కాడ శానా ఉంది" అంటే ఆమె నవ్వి ఊరుకున్నారు.

కోతలో మిగిలే ముక్కరాళ్ళు కూడా నలగ్గొట్టి కంకరలా వాడదామన్నాం. నాపరాయి పలకలుగా చీలే రాయి కదా, నలగ్గొడితే వచ్చేవీ పలకల్లాగే వస్తాయి, బ్లాకులో అవి సరిగ్గా కూర్చోవు. కాబట్టి కంకర మామూలు నల్లరాయిదే వాడుతున్నాం. ముక్కరాళ్ళకు దారి ఇంకా దొరకలేదు.

బ్లాకులకు ఐ.ఎస్. 15658 అని వేరే ప్రమాణం ఉంది. అందులో బలాన్ని బట్టి గ్రేడులుంటాయి. మనుషులు నడిచేచోట ఎం-30 ఉంటే చాలు, బండ్లు తిరిగే కొద్దీ ఎం-35, ఎం-40 అలా పెరుగుతుంది. నీళ్ళు పీల్చడం సగటున 6 శాతం దాటకూడదు. 28 రోజులు నీళ్ళు కట్టాకే పరీక్ష. ఆ 28 రోజులూ నాకు ఇంట్లో పెళ్ళి పెట్టుకున్నంత టెన్షన్. ఎండాకాలం, పైగా కరెంటు కోతలు. నీళ్ళు పట్టడానికి వంతులు వేస్తే లిస్టులో పన్నెండు మంది పేర్లున్నాయి, వచ్చింది ముగ్గురు. మిగతా రోజులు మన ఆఫీసు వాచ్‌మన్ తాతే పట్టాడు. ఈ నివేదికలో మొదటి కృతజ్ఞత ఆయనకే.

ల్యాబులో మిషన్ కింద బ్లాకు పెట్టి లోడు పెంచుతుంటే ముల్లు మెల్లగా పోతుంది, ఎవరూ మాట్లాడరు, టక్కున పగిలేదాకా. ఎనిమిది బ్లాకులను అట్లా పగలగొట్టారు. సగటు ఎం-30కి కావలసింది దాటింది. నీటి పరీక్ష కూడా పాసైంది. ఎం-40 రాలేదు, కాబట్టి లారీలు తిరిగే యార్డులకు మనవి అమ్ముతామని ఎవరూ మాట ఇవ్వొద్దు. ఇప్పటికే ఒకరు ఇచ్చారని విన్నా.

ఇక మన సంఘం ఆవరణలో జరిగిన ప్రదర్శన. ఇన్నేళ్ళలో మనం చేసిన పనుల్లో నాకు గర్వంగా అనిపించింది ఇదొక్కటే. పదడుగులకు పదడుగులు ఇసుక పరిచి బ్లాకులు పేర్చి, బండల లోడు ట్రాక్టర్‌ను పైన నడిపించాం. ఎం-30 నడకదారికే అని అప్పుడే చెప్పుకున్నాం కదా, అయినా చూసేవాళ్ళకు ట్రాక్టర్ ఎక్కితేనే నమ్మకం. ఎక్కింది, దిగింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. ఒక్కటే పగిలింది, అది కింద ఇసుక సరిగ్గా సర్దని మూలది. టీకొట్టు ఆయన మొదటి నుంచీ "ఏందప్పా, పారేసిన బురదను మళ్ళీ ఇంటికి తెచ్చుకుంటారా ఎవురన్నా" అని ఎగతాళి చేసినవాడు, సాయంత్రానికి కొట్టు ముందు పరచడానికి ధర అడిగాడు. ఆహ్వానించిన అధికారుల్లో ఒక్కరూ రాలేదు. వాళ్ళ కోసం తెప్పించిన శాలువాలు పిల్లలకు కప్పాం, అదే బాగుంది.

బ్లాకుల మిశ్రమం ఫార్ములా మనం పేటెంట్ చేసుకోవాలని, యూనివర్సిటీ వాళ్ళు దాని మీద పరిశోధన పేపరు రాయకుండా ఆపాలని ఇద్దరు సభ్యులు లేఖ ఇచ్చారు. అడిగి తెలుసుకున్నా. 1970 పేటెంట్ చట్టం 3(ఇ) ప్రకారం ఉత్త మిశ్రమానికి పేటెంట్ రాదు. పిల్లలకు పేపరు వస్తే వాళ్ళ చదువుకు పనికొస్తుంది, మనకు పోయేదేమీ లేదు. బురద మన దగ్గరే కదా ఉండేది.

కేంద్ర ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) శాఖ ఇంక్యుబేషన్ పథకంలో, అంటే కొత్త ఐడియాలను నిలబెట్టే పథకంలో, ఒక ఐడియాకు 15 లక్షల దాకా సాయం ఉందని మేడమ్ చెబితే కాగితాలు తయారుచేశాం. సంతకాలు పెట్టాల్సిన ఇద్దరు సభ్యులు తిరుపతిలో ఉన్నామని ఒకసారి, పెళ్ళిలో ఉన్నామని ఒకసారి చెప్పారు. గడువు లోపల పెడితే సరే, లేకపోతే వాళ్ళే సమావేశంలో సంజాయిషీ ఇస్తారు.

లెక్కలు కోశాధికారి అన్న విడిగా చదువుతారు. ఆడిట్ అయింది, తేడా లేదు. ప్రదర్శన భోజనాల ఖర్చు ఎక్కువైందని ఆయనే గొణుగుతున్నారు. చందా బాకీల లిస్టు నోటీసు బోర్డుకు అంటించాం, ఎవరి పేరు వాళ్ళు చూసుకోండి.

కృతజ్ఞతలు: మేడమ్‌కు, బస్సెక్కి వచ్చి ఎండలో జల్లెడ పట్టిన ఎంటెక్ పిల్లలకు, అచ్చులు అప్పిచ్చిన ప్రొద్దుటూరు బ్లాకుల యూనిట్ ఆయనకు, ట్రాక్టర్‌కు అద్దె తీసుకోని తమ్ముడికి, భోజనాలు వండిన అక్కకు, వాచ్‌మన్ తాతకు (మళ్ళీ రాస్తున్నా, కావాలనే).

వచ్చే ఏడాది పని ఒక్కటే. బ్లాకుల మిషన్ ఒకటి ఎవరో ఒకరు వేసుకోవాలి. ప్రదర్శన రోజు అందరూ నేనంటే నేనన్నారు, ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తడం లేదు. ముందుకొచ్చేవాళ్ళు సమావేశంలో పేరు ఇవ్వండి, పొడి ఉచితంగా ఇవ్వడానికి మిగతా యూనిట్లు తీర్మానం చేద్దాం. గుంతలోది మాత్రమే, రోడ్డు పక్కది కాదు.

పరీక్షలకు పోగా మిగిలిన బ్లాకులు ఆఫీసు వెనక చింతచెట్టు కింద ఉన్నాయి. కావలసినవాళ్ళు తలా పది పట్టుకెళ్ళొచ్చు. బండి మీరే తెచ్చుకోవాలి.

ఇట్లు,
కార్యదర్శి